కారవాన్‌గా మారిన పాత బస్సును కొనడం ఎలా: విశాఖవాసుల కోసం

పాత బస్సును కారవాన్‌గా మార్చి అమ్మజూపే మనిషి మిమ్మల్ని ముందుగా బండి లోపలికే తీసుకువెళతాడు. టేకు రంగు లామినేట్, మడత మంచాలు, చిన్న వంటగట్టు, కిటికీలకు తెరలు, పైకప్పు మీద ఏసీ, అన్నీ తీరికగా చూపించి, ఇంజిన్ సంగతి అడిగితే మాత్రం "మంచి కండిషన్‌లో ఉందండి" అని ఒక్క మాటతో సరిపెడతాడు. మీరు చూడవలసిన వరుస దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండాలి. ముందు కాగితాలు, తరువాత బండి అడుగుభాగం, ఆ తరువాత ఇంజిన్, బ్రేకులు, అన్నిటికంటే చివర ఇల్లు. లోపలి చెక్కపని పాడైతే మంచి వడ్రంగి మళ్ళీ చేసిపెడతాడు కానీ, తుప్పు తిన్న చాసిస్‌ను, అంటే బండిని మోసే ఇనుప చట్రాన్ని, నిలబెట్టడం బండి ఖరీదులో తేలే పని కాదు, రద్దయిన ఆర్‌సీని నిలబెట్టడం అసలు ఎవరి వల్లా కాదు.

వెతకడం మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: బండిని ఎక్కడ నిలుపుతారు? పది పన్నెండు మీటర్ల పొడవున్న బస్సు ఎంవీపీ కాలనీ వీధిలో మలుపు తిరగడమే కష్టం. తిరిగినా కేబుల్ వైర్లు, చెట్ల కొమ్మలు పైకప్పు మీది సోలార్ పలకలను వదలవు. రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా స్థలం ఉందని సంబరపడవద్దు, ఉప్పుగాలి ఇనుమును తినివేసే వేగం అక్కడే ఎక్కువ. ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం వైపు లోపలికి కప్పు ఉన్న షెడ్డు అద్దెకు దొరికితే, ఆ అద్దెను బండి ఖర్చులో భాగంగానే లెక్కవేసుకోండి.

రెండో ప్రశ్న లైసెన్సు. కారు నడిపే లైసెన్సు 7,500 కిలోల మొత్తం బరువు వరకే పనికివస్తుంది. పెద్ద బస్సు మొత్తం బరువు అంతకు చాలా ఎక్కువ కాబట్టి హెవీ లైసెన్సు ఉండాలి, లేదా అది ఉన్న డ్రైవరును పెట్టుకోవాలి. లోపల నలుగురే పడుకుంటారు కదా అన్న వాదన చెల్లదు. లెక్కకు వచ్చేది ఆర్‌సీలో రాసిన బరువు.

"వింటేజ్" అన్న మాటకు మోసపోవద్దు

బండి పాతది కనుక వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సరిపోతుందని, ఫిట్‌నెస్ గొడవ ఉండదని చెప్పేవారు తారసపడతారు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేర్చిన వింటేజ్ నియమాలు ద్విచక్ర వాహనాలకు, కార్ల తరగతికి చెందిన నాలుగు చక్రాల వాహనాలకు మాత్రమే వర్తిస్తాయి. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులేవీ జరగకుండా అసలు రూపంలోనే ఉండాలి. బస్సు ఆ తరగతిలోకి రాదు, పైగా సీట్లు పీకి మంచాలు వేసిన బస్సు అసలు రూపంలో ఉందని ఎవరూ అనలేరు. ఒకవేళ ఆ గుర్తింపు దొరికినా మీకు పనికిరాదు. వింటేజ్ వాహనాన్ని ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప రోడ్డు మీద మామూలుగా తిప్పకూడదు. అరకు వెళ్ళి రాత్రి బస చేద్దామనుకునే వారికి ఆ నంబరు ప్లేటు దేనికి?

కాబట్టి అమ్మకందారు నోట వింటేజ్ అన్న మాట వస్తే దాన్ని "చాలా పాతది" అని మాత్రమే అర్థం చేసుకోండి.

కాగితాలు

ఆర్‌సీ నకలు అడిగి తీసుకుని, బండి నంబరును కేంద్ర రవాణాశాఖ వారి పరివాహన్ సైటులో మీరే సరిచూసుకోండి. వాహన తరగతి అన్న గడిలో ఏముందో ముందు చూడాలి. "స్టేజ్ క్యారేజ్" అనో, "బస్" అనో ఉండి, లోపల వంటగది ఉందంటే, మార్పు చేసినవారు రవాణాశాఖకు చెప్పలేదని అర్థం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చాలంటే ముందస్తు అనుమతి కావాలి, మార్పు తరువాత ఆర్‌సీలో నమోదు జరగాలి. సొంత వాడకానికి కాంపర్ వాన్ అన్న తరగతి మన దగ్గర ఉంది. మోటారు కారవాన్ల నిర్మాణానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. ఆర్‌సీలో కాంపర్ వాన్ అనో, మోటారు కారవాన్ అనో రాసి ఉంటే సగం బరువు దిగినట్టే. లేకపోతే "కొన్నాక మీరు మార్పించుకోండి, చిన్న పని" అన్న మాటకు ఒప్పుకోకుండా, ఆ చిన్న పనేదో వారినే పూర్తి చేయించి తీసుకురమ్మనండి. అది నిజంగా చిన్న పనే అయితే వారు ఈపాటికే చేయించి ఉండేవారు.

సొంత వాడకం కింద నమోదైన బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తరువాత ప్రతి 5 ఏళ్లకూ పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. రవాణా వాహనంగానే ఉండిపోయిన బండికైతే 8 ఏళ్లు దాటాక ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ పత్రం తప్పదు. 15 ఏళ్లు దాటిన బండ్ల పొడిగింపు, ఫిట్‌నెస్ రుసుములను 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు కనుక, ఈ ఏటి రుసుము ఎంతో రవాణాశాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే ధర మాట్లాడండి. పాత పర్మిట్ మీద త్రైమాసిక పన్ను బకాయి, హరిత పన్ను, ఈ-చలానాలు, ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఆర్‌సీలో ఉందా అన్నది, ఇవన్నీ అదే పూట తేలిపోతాయి.

ఆర్టీసీ నుంచి వచ్చిన బస్సుల సంగతి వేరుగా చెప్పాలి. నంబరులో జెడ్ అక్షరం కనిపిస్తే అది ఒకప్పుడు ఆర్టీసీ బండి అని మనవాళ్ళు చూడగానే చెబుతారు. ఆ బస్సులకు వేళకు సర్వీసింగ్ జరిగి ఉంటుంది, కానీ కిలోమీటర్లు లక్షల్లో ఉంటాయి. చిక్కు అది కాదు. తుక్కు కింద వేలంలో అమ్మిన బస్సు ఆర్‌సీ రద్దయి ఉంటే అది ఇక రోడ్డెక్కదు. అంతేగాక 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వాల, ప్రభుత్వ రవాణా సంస్థల వాహనాలకు 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ ఉండదు. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే వెళ్ళాలి. ఆ తేదీ తరువాత, 15 ఏళ్లు నిండిన ఆర్టీసీ బస్సును నేరుగా వేలంలో పాడుకుని కారవాన్ చేశామని ఎవరైనా చెబితే అక్కడే లేచి వచ్చేయండి.

కాగితాలు సరిపోయాక చాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీయండి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త వెల్డింగ్, అక్కడొక్కచోటే తాజా పెయింటు కనిపిస్తే, అంకెలు ఆర్‌సీతో కలిసినా సరే, నమ్మవద్దు.

బండి కింద పడుకోవలసిందే

చూడబోయే రోజు పాత బట్టలు వేసుకుని, టార్చి, స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, తెల్ల చేతిగుడ్డ తీసుకువెళ్ళండి. బండిని గొయ్యి ఉన్న షెడ్డుకు తెప్పించగలిగితే మంచిది. గాజువాక ఆటోనగర్‌లో బస్సుల పని చేసే మెకానిక్‌ను ఒక పూటకు మాట్లాడుకుంటే ఆయనకిచ్చే కూలీ ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి చవకైన ఖర్చు. అమ్మకందారు తెచ్చిన మెకానిక్ ఎంత మంచివాడైనా మీవాడు కాదు.

నేను చూసిన ఒక బస్సు అడుగున కొత్తగా నల్ల పెయింటు కొట్టి, నిగనిగలాడుతూ ఉంది. మెకానిక్ ఏమీ మాట్లాడకుండా వెనక కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) పైనున్న అడ్డకమ్మీలో స్క్రూడ్రైవరు మొన ఆనించి కాస్త నొక్కాడు. మొన అరంగుళం లోపలికి దిగింది. బయటికి లాగితే తుప్పు పూతరేకులా పొరలు పొరలుగా ఊడి ఆయన అరచేతిలో పడింది. పైన పటారం, లోన లొటారం అన్నది ఆ పెయింటును చూసే అని ఉంటారు. విశాఖలో ఏళ్ల తరబడి తిరిగిన బండికి పైపై తుప్పు ఉండడం సహజం, దానికి భయపడనక్కరలేదు. గోకితే పొడిగా రాలి కింద గట్టి ఇనుము తగిలితే అది పైపై తుప్పు. రేకుల్లా లేస్తే, సుత్తితో తడితే ఖంగుమనకుండా మొద్దు శబ్దం వస్తే, అది లోతు తుప్పు. చాసిస్ పొడవు కమ్మీలు, అడ్డకమ్మీలు, కమాను కట్టలు తగిలించే బ్రాకెట్లు, మెట్ల కింది భాగం, బ్యాటరీ పెట్టె చుట్టూ, నీళ్ళ ట్యాంకు కింద, ఈ చోట్లన్నీ తట్టి చూడండి. స్నానపు గది కింద నేల తప్పక చూడాలి, అక్కడ ఏళ్ల తరబడి కారిన నీటిబొట్టు ఉప్పుగాలి కంటే ఎక్కువ నష్టం చేసి ఉంటుంది.

బాడీని అయస్కాంతంతో పరీక్షించమని కారు కొనేవారికి చెబుతుంటారు. అయస్కాంతం అంటకపోతే అక్కడ పుట్టీ నింపారని గుర్తు. పాత బస్సుల పక్క రేకులు చాలావరకు అల్యూమినియంవి, వాటికి అయస్కాంతం ఎలాగూ అంటదు కాబట్టి ఆ చిట్కా ఇక్కడ చెల్లదు. వేళ్ళ కణుపులతో తడుతూ పోండి, పుట్టీ ఉన్నచోట శబ్దం మారుతుంది. అల్యూమినియం రేకు ఇనుప పిల్లరును, అంటే కిటికీల మధ్య నిలువు కమ్మీని, తాకే చోట రివిట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే, ఉప్పు తేమలో ఇనుము తగిలినచోట అల్యూమినియం తినుకుపోతోందని అర్థం.

తరువాత రెండు పక్కలా పిల్లర్లు లెక్కపెట్టండి. పెద్ద అద్దం కోసమో, కొత్త తలుపు కోసమో పిల్లరును కోసేసి పైన పలక బిగించిన బండ్లు ఉన్నాయి. పైకప్పు బరువును మోసేదీ, బండి బోల్తా పడితే మనుషులను కాపాడేదీ ఆ పిల్లర్లే. ఏసీ కోసం కప్పులో కోసిన రంధ్రం చుట్టూ అడ్డకమ్మీ తెగిందా అన్నదీ అలాగే చూసుకోవాలి. బండి చాలా ఏళ్లుగా ఈ ఊళ్ళోనే ఉందంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎక్కడ నిలిపారని కూడా అడగండి. ఆ రోజు ఊరంతా చెట్లు కూలాయి. కప్పు మీద పడిన చెట్టు దెబ్బ లోపలి ప్లైవుడ్ వెనక ఇప్పటికీ దాగి ఉండవచ్చు.

ఇంజిన్, బ్రేకులు

పాత టాటా, లేలాండ్ ఇంజిన్లకు ఉన్న పెద్ద సుగుణం, వాటిలో కంప్యూటర్ ఉండదు. టాటా 697 అంటే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ జాతీయ రహదారి పొడవునా దొరుకుతాడు. లేలాండ్‌లో హినో ఇంజిన్ ఉన్న బండ్లకూ అంతే.

బండి చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్టు మీ ఎదుటే జరగాలి. మీరు వెళ్ళేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, చల్లారేదాకా కూర్చోండి, లేదా మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళండి. సెల్ఫ్ కొట్టగానే కాస్త పొగ వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే నీళ్ళు సిలిండరులోకి వస్తున్నాయేమో చూడాలి. డిప్ స్టిక్ తీసి తెల్లగుడ్డకు తుడవండి. ఆయిల్ నల్లగా ఉండడం తప్పు కాదు, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం ధర మాట్లాడవద్దు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అయిపోయాయి.

గాలి బ్రేకులున్న బండిలో గాలి మీటరు ముల్లు పూర్తిగా ఎక్కాక ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్ గట్టిగా తొక్కిపట్టి కొన్ని నిమిషాలు ముల్లునే చూడండి. అది కళ్ళముందే దిగిపోతుంటే ఎక్కడో గాలి లీకవుతోంది. ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కడ్డీ) అరుగుదల తెలుస్తుంది. టైర్ల పక్కన నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, తరువాతి రెండంకెలు సంవత్సరం. కారవాన్ తక్కువ తిరుగుతుంది కనుక టైరు మీది బటన్లు అరగకుండానే రబ్బరు ముసలిదవుతుంది. పక్క గోడలో సన్నని పగుళ్లు కనిపిస్తే, స్టెప్నీతో కలిపి ఏడు టైర్ల ఖర్చును ధరలోంచి తీసేయండి.

ఇప్పుడు ఇంటి సంగతి

మొదటి పరీక్ష కాటా మీద. నీళ్ళ ట్యాంకులు నింపించి, డీజిల్ పోయించి, మొత్తం బరువు, ఆ తరువాత ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. ఆర్‌సీలోని మొత్తం బరువు లోపల ఉంటే చాలదు, ఆ బరువు బండి అంతటా సమంగా పంచుకుని ఉండాలి. వెయ్యి లీటర్ల నీరంటే వెయ్యి కిలోలు; ట్యాంకు, బ్యాటరీలు, వంటగట్టు అన్నీ ఒకే పక్క పెట్టిన బండి నిలబడ్డప్పుడే ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. వెనకనుంచి ఇరవై అడుగుల దూరంలో నిలబడి చూస్తే కంటికే తెలిసిపోతుంది.

కరెంటు విషయంలో నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. పెద్ద బస్సులో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. నేను మొదట కొన్న బండిలో మార్పు చేసిన ఎలక్ట్రీషియన్ ఫ్యాన్లు, లైట్లు 12 వోల్టులవి తెచ్చి, వాటిని ఆ రెండింటిలో ఒక్క బ్యాటరీ మీదనుంచే లాగాడు. రాత్రంతా ఒకటి ఖాళీ అయ్యేది, రెండోది నిండుగా ఉండేది. పొద్దున చార్జింగ్ మొదలవగానే నిండుగా ఉన్నది అతిగా చార్జయి ఉడికిపోయేది. కొన్ని నెలలకే అది ఉబ్బి పక్కలు పగిలి, అర్ధరాత్రి సెల్ఫ్ తిరగక రోడ్డు మీద నిలబడ్డాం. మీరు చూసే బండిలో ఇంటి బ్యాటరీ వేరుగా, ఇంజిన్ బ్యాటరీలు వేరుగా ఉండాలి, లేదా 24ను 12 చేసే కన్వర్టర్ అయినా ఉండాలి. ప్రతి తీగకూ దాని మందానికి తగ్గ ఫ్యూజు, బయటి కరెంటు తగిలించే చోట ఎర్త్ లీకేజీ బ్రేకరు తప్పనిసరి. రేకు బండిలో షాకు అంటే బండి మొత్తం షాకే.

వంటగ్యాసు గాలికంటే బరువు కనుక లీకయితే నేల మీద చేరుతుంది. సిలిండరు పెట్టిన గూటి అడుగుభాగంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉందో లేదో వంగి చూసి, గొట్టం అతుకుల మీద సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో పరీక్షించండి. మంచం అడ్డంగా బిగించి అత్యవసర ద్వారాన్ని మూసేసిన బండిని ఆ మంచం తీయించనిదే కొనవద్దు. సీటు బెల్టుల సంఖ్య ఎంతో, ప్రయాణంలో మనుషుల సంఖ్య అంతే. మంచాల సంఖ్య రాత్రికి మాత్రమే.

నీటి కారుడు తెలియాలంటే వాటర్ సర్వీసింగ్‌కు తీసుకువెళ్ళి కప్పు మీద ఐదు నిమిషాలు నీళ్ళు కొట్టించి, లోపల మూలల్లో ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కుతూ రండి. మెత్తగా దిగినచోట, ముక్కిన వాసన వచ్చినచోట నీరు చాలాకాలంగా దిగుతోంది.

సినిమా షూటింగులకు వాడిన కారవాన్లు కూడా మన వైపు అమ్మకానికి వస్తుంటాయి. చూడడానికి వైభవంగా ఉంటాయి, కానీ అవి మేకప్ గదులుగా కట్టినవి. జనరేటరు నడిస్తే తప్ప ఏసీ లేదు, పడక ఒకటో రెండో. కుటుంబంతో తిరగడానికి నేనైతే కొనను.

నడిపి చూసి, ధర మాట్లాడండి

ఊళ్ళో ట్రాఫిక్‌లో రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తే అది నడిపి చూడడం కాదు. డీజిల్ మీరు పోయించి, అనకాపల్లి నుంచి సబ్బవరం మీదుగా ఆనందపురం వెళ్ళే ఆరు వరుసల రోడ్డు మీద నిలకడ వేగంతో పోనిచ్చి, వేడి మీటరు ఎక్కడ నిలబడుతుందో చూడండి. ఆ తరువాత శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కించండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ సంగతి, దిగేటప్పుడు బ్రేకుల సంగతి అక్కడ దాగవు. దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచి బ్రేకు తక్కువ వాడుతూ రావాలి. కిందికొచ్చాక ఏదో ఒక చక్రం నుంచి కాలిన వాసన వస్తే ఆ చక్రం బ్రేకు డ్రమ్ము పట్టేస్తోంది.

ధర దగ్గర లోపలి అలంకరణకు అమ్మకందారు పెట్టిన ఖర్చును లెక్కలోకి తీసుకోవద్దు. మంచి చాసిస్, నడిచే ఇంజిన్ ఉన్న అదే వయసు మామూలు బస్సుకు ఆటోనగర్‌లో ఎంత పలుకుతుందో కనుక్కుని, అక్కడినుంచి పైకి రండి. టైర్లు, బ్యాటరీలు, బ్రేకు లైనింగులు, బకాయిలు, ఫిట్‌నెస్ రుసుము ఒక కాగితం మీద రాసి అమ్మకందారు ముందు పెడితే బేరం దానంతటదే దిగుతుంది. బయానా తక్కువ ఇవ్వండి, బ్యాంకు ద్వారానే ఇవ్వండి, "ఆర్‌సీ పేరు మార్పు జరగకపోతే బయానా వాపసు" అన్న వాక్యం ఒప్పంద పత్రంలో రాయించండి.

పేరు మార్పుకు ఫారం 29, 30. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే ఫారం 35. ఒడిశా, తెలంగాణల నుంచి వచ్చిన బండికైతే అక్కడి కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కూడా కావాలి. కొన్నవారు 30 రోజుల లోపు దరఖాస్తు చేయాలి. బీమా మాత్రం 14 రోజుల లోపు మీ పేరుకు మార్చమని కోరాలి. ఆ దరఖాస్తులోనే ఇది మార్పులు చేసిన బండి అని, గ్యాసు, సోలార్ ఉన్నాయని రాతపూర్వకంగా చెప్పండి. దాచిపెట్టిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే కంపెనీ వారు డబ్బు ఇవ్వకపోవచ్చు.

బండి మీ చేతికి వచ్చాక మొదటి రాత్రికి అరకు పెట్టుకోకండి. భీమిలి దాకా వెళ్ళి, అనుమతి ఉన్న స్థలంలో నిలిపి, ఫ్యాన్లు, పంపు, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ ఒకేసారి వాడుతూ పడుకోండి. పొద్దున లేవగానే చేయవలసిన మొదటి పని సెల్ఫ్ కొట్టి చూడడం.